పెండ లెక్క

శాయంపేట అవతల మా ఊళ్ళె
బర్లున్న ఇండ్లు తొమ్మిది.
పెండ ఎత్తేది మాత్రం బుచ్చవ్వ ఒక్కతే.
ముప్పై ఏండ్లు
మంది దొడ్లల్ల వంగీ వంగీ
ఆమె నీడ సుత కొడవలోలె వంగింది.

మొదటి గ్యాస్ గుంత పటేలింట్ల తవ్విండ్రు.
గంపకింత అని కూలి.
ఆడ పొగలేకుండ చాయ మసులుతుంటే
ఈడ బుచ్చవ్వ కండ్లల్ల పత్తికట్టె పొగ.
సర్కారు సిలిండర్ రెండోసారి నిండక
బియ్యం డబ్బాకింద పీటయింది.

నిరుడు వానకాలం
నడిబజార్ల గంప దించింది.
"ఎత్తినోళ్ళకు వాటా లేని పెండ
మీరే ఎత్తుకోండ్రి."

నాలుగొద్దులు.
దొడ్లనిండ ఈగలు,
గుంతల గ్యాస్ లేదు,
పటేలమ్మ కట్టెలకు మనిషిని తోలింది.
ఐదోనాడు పంచాయతీల రాసుకున్నరు:
బర్రెకో వాటా, చేతికో వాటా.

నిన్న కరెంటు పోయిన చీకట్ల
కింది వాడల నీలిమంట లేచింది.
బుచ్చవ్వ అలవాటుగ ఊదుగొట్టం అందుకొని
ఉఫ్ అన్నది.
మంట ఆరిపోయింది!
మనుమరాలు రవళి
నవ్వలేక నవ్వుకుంట మళ్ళ అంటువెట్టింది.

ఊదుగొట్టం పారెయ్యలే అవ్వ.
చూరుల చెక్కింది.
పైపుకు మూత మీదివాడలనే ఉన్నదట.