ఎనభైలో ఎవరో ఉన్నారు

వేళచ్చేరిలో కరెంటు మూడుంబావుకి పోయి
మూడున్నరకి వచ్చింది.
ఫ్యాను వచ్చింది, మూల ఫ్రిజ్జు గొణుగుడు వచ్చింది,
బ్యాటరీ మార్చమని నేను మూడు నెలలుగా పోరుతున్న
యూపీఎస్ కీచుమంది.
సర్వర్ మాత్రం రాలేదు.

నీళ్ల ట్యాంకర్లు బుక్ చేసుకునే పేజీ మాది.
మే నెల. మద్రాసు.
ఐదింటికల్లా డ్రైవర్లు ఫోన్లో చూసుకుని
ఏ వీధికి ఎన్నివేల లీటర్లో
బండి తీస్తారు.

స్టార్ట్ అన్నాను.
కాసేపు ఆలోచించినట్టు నటించి
కుదరలేదంది, ఎర్రగా.
ఎందుకూ అంటే, లాగ్ చూసుకోమంది.
మా మేనత్త అలిగినా ఇంతే,
"నీకు తెలీదా ఏం?" అని గోడవైపు తిరిగి పడుకునేది.

ముందు నన్నే అనుమానించుకున్నాను.
నిన్న సాయంత్రం కాన్ఫిగ్‌లో చెయ్యి పెట్టింది నేనే,
ఎక్కడో ఒక సెమీకోలన్ మింగేసి ఉంటాను.
పరీక్ష చేయిస్తే అంతా భేషుగ్గా ఉందంది.
తప్పు నాది కాదంటే హాయిగా ఉండాలి.
ఉండలేదు.
నాదైతే ఎక్కడుందో నాకు తెలిసేది.

డిస్కు సగం ఖాళీ.
సర్టిఫికెట్‌కి ఇంకా నలభై రోజుల ఆయుష్షు.
నాలుగైంది.
టీ పెడదామంటే పాలు విరిగాయి.

అప్పుడు చదివాను లాగ్‌ని,
రెండో తరగతి పిల్లలా ఒక్కో మాట మీద వేలు పెట్టి.
ఎనభయ్యో పోర్టు ఖాళీ లేదు.
ఇదివరకే ఎవరో కూర్చున్నారు.

అంతేనా!
మాధవరంలో నెల్లూరు బస్సు ఆగీ ఆగకముందే
కిటికీలోంచి కర్చీఫ్ విసిరి
సీటు నాదనే జనాన్ని ఎరగనా నేను.
చొక్కాలు చిరిగేలా ఎక్కి చూస్తే
మనిషి ఉండడు, గుడ్డ ఉంటుంది.
ఆ గుడ్డకున్న హక్కు
నిలబడ్డవాడికి ఉండదు.

ఎవరిదా గుడ్డ అని అడిగాను.
ప్రాసెస్ నంబరు ఎనిమిది వందల పన్నెండు, యజమాని రూట్.
రూట్ అంటే ఎవరైనా కావచ్చు.
ఫైలు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే
దారి హోమ్‌లోకి తీసుకెళ్లింది,
హోమ్‌లో వకుళ దగ్గరికి.

వకుళ మానేసి పది నెలలు.
ఐడీ కార్డు తిరిగిచ్చేసింది,
దొరస్వామి నాయుడుగారు పూలబొకే ఇచ్చారు,
ఖాతా తీసేయమని నాకు చెప్పారు.
రేపు అనుకున్నాను.

ఫోన్లో పేజీ తెరిచాను.
తెల్లటి తెర. తమిళంలో ఒక వాక్యం, కింద తెలుగులో:
"కాస్త ఆగండి. నీళ్లొస్తాయి."

పోయిన కత్తిరి ఎండల్లో సర్వర్ మూడ్రోజులు పడకేస్తే
జనం ఖాళీ తెరని తిట్టుకోకూడదని
ఒక్క రాత్రిలో ఆమె రాసిన ఆరు లైన్లు.
మెషీన్ లేవగానే అందరికంటే ముందు నువ్వు లేవాలి,
అని దానికి చెప్పిపెట్టింది.
ఆ తర్వాత మెషీన్ పడుకున్నదే లేదు.
ఈ రాత్రి పడుకుంది, అది లేచింది,
చెప్పినమాట వింటోంది.

చంపాలి.
ఆ ఆదేశం పేరే అది, నేను పెట్టింది కాదు.
రోజుకి ఇరవైసార్లు అనుకుంటాం మేం,
లిఫ్టులో ఎవరైనా వింటే పోలీసుల్ని పిలుస్తారు.
తొమ్మిది అంటే గొంతు పట్టుకోవడం.
నేను తొమ్మిది అనలేదు.
సర్దుకుని వెళ్లమన్నాను.
పేచీ పెట్టకుండా వెళ్లిపోయింది.

స్టార్ట్.
ఆకుపచ్చ.

నాలుగూ నలభైకి ఇళంగో ఫోన్.
"అక్కా, ఇందాక ఆగమని వచ్చింది కదా, ఆగాను.
ఇప్పుడు బండి తియ్యనా?"
తియ్యమన్నాను.
ఇంజను చప్పుడు, తర్వాత
మూత సరిగా పడని ట్యాంకు
రోడ్డంతా కారుస్తూ పోయే చప్పుడు.

ఆ ఆరు లైన్లూ తుడిచెయ్యాలి,
లేదంటే కరెంటు పోయినప్పుడల్లా ఇదే రభస.
తుడవలేదు. పోర్టు మార్చాను.
ఎనిమిదివేల ఎనభై. అటెవరూ రారు.

ఖాతా రేపు తీసేస్తాను.