దెబ్బకాయలు

కేదారేశ్వరపేట పళ్ల మార్కెట్లో
సాయంత్రం ఆరు దాటాక
ఆపిల్ పెట్టెల అడుగున మిగిలినవాటికి
ధర ఉండదు, బేరమే.
"దెబ్బకాయలమ్మా, జ్యూస్‌కి కూడా పనికిరావు"
అంటూనే తూకం వేశాడు కాశింపీరా.

మా మొగల్రాజపురం కొండ
పగలు మింగిన ఎండని రాత్రంతా కక్కుతుంది.
జాడీకి తడిగోనె చుట్టి
గంటకోసారి లేచి నీళ్లు చల్లాను,
జ్వరం పిల్లకి గుడ్డ వేసినట్టు.
లోపల ఒకటే గుసగుస.
గోడ మీంచి వాసన పట్టి
"ఏం కాస్తున్నావే?" అంది పక్కింటి సువార్తమ్మ.
కాయడం కాదు వదినా,
కాచుక్కూచోడం.

పోటీకి మూడు సీసాలు తెమ్మన్నారు.
ఒకటి వంటింట్లోనే పేలి
క్యాలెండర్లో ఏప్రిల్‌ని అడ్డంగా చీల్చింది.
మిగతా రెండూ ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను,
ఏలూరు రోడ్డు గుంటల్ని
పేరుపేరునా తిట్టుకుంటూ.

దరఖాస్తులో "రకం" అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
దెబ్బకాయ అని రాశాను.
కొట్టేశాను.
మళ్లీ అదే రాశాను.

చీటీ వచ్చింది: యాభైకి ఇరవై మూడు.
"మబ్బుగా ఉంది. వగరు ఎక్కువ.
చివర్లో ఏదో వాసన, చెప్పలేను."
ఆ చెప్పలేను దగ్గరే
నాలుగు రోజులు తిరిగాను.

మిగిలిన సగం సీసా
మార్కెట్టుకే పట్టుకెళ్లాను.
"నేను ముట్టనమ్మా" అని
మూత మాత్రం తీసి, కళ్లు మూసి
చాలాసేపు పీల్చాడు కాశింపీరా.
"తెల్లారుజామున
కాశ్మీరు లారీ తలుపు తీస్తామే,
మొదటిసారి...
అదమ్మా ఇది."

మూత బిగించి ఇచ్చి
త్రాసు ముందుకు జరిపాడు.