విరిగిన చుక్క

మక్తల్ దవాఖాన్ల మూడో నంబరు గది నాది.
కిటికీకి అద్దం లేదు, పాత ఎక్స్‌రే ఫిల్ము అతికిచ్చిన.
ఎవరివో పక్కటెముకల్లోంచి
పొద్దుటి ఎండ బల్ల మీదికొస్తది.

ఈదమ్మ వచ్చింది, నలభయ్యారేండ్లు,
చీటీల మీద చీటీలు పట్టుకొని.
మలేరియా లేదు. టైఫాయిడ్ ఉన్నట్టు, లేనట్టు.
తెమడ రెండుసార్లు చూసిన్రు, ఏం దొరకలే.
ఊర్ల సూదిమందాయన పదకొండు గ్లూకోజులెక్కిచ్చిండు.
గాలి సోకిందని నిమ్మకాయలు కోసిన్రు.
ఎనిమిది నెలల్నుంచి
మందతో పాటే జరం ఇంటికొస్తదట:
పొద్దుగుంకంగ దొడ్లకు గొర్లు, ఒంట్లకు సలి,
తెల్లారేసరికి రెండూ బయటికి.
"చెమటంత తడిసిన గడ్డివాసన" అన్నది సిగ్గుపడుకుంట.
"నడుమొంగదు బిడ్డా. ఇంట్లోల్లు పనిదొంగ అంటున్రు."

కొత్త డాక్టరు నా గదికే వచ్చి ఒక్కటే అడిగిండు,
గొర్ల సంగతేందని.
అప్పటిదాక కుర్సీ అంచు మీదున్న మనిషి
నిండుగ కూసున్నది.

నిరుడు కృష్ణ ఒడ్డుకు మేపుకు పోయినప్పుడు
పందొమ్మిది ఈసుకపోయినయంట.
నెలలు నిండకుంట, కండ్లు తెరవకుంట.
మాయ పడకుంటె మోచేతిదాక చెయ్యి పెట్టి తీసిందంట,
తుమ్మముల్లు గీరిన చెయ్యే.
ఊపిరాడని పిల్లకు నోట్ల నోరు పెట్టి ఊదిందంట.
"రెండు బతికినయ్ సారూ.
నల్లచెవుల్దొకటి, బొల్లిదొకటి,
బొల్లిది నన్ను చూస్తె ఇప్పటికీ ఉరుకొస్తది..."
ఎవ్వరూ అడగని మాట గదా, ఆపబుద్ధికాలే ఆమెకు.

నరం దొరకనీకి టైం పట్టింది.
సూది దిక్కు చూడలే, నా చేతుల్నే చూసింది.
"పట్టు మంచిగుంది నీది" అన్నది.
పదేండ్ల నౌకరీల ఎవ్వరూ అనలే.

రక్తాన్ని గిర్రున తిప్పితె
పైన తేరింది పసుపుపచ్చ నీరు.
తెల్ల పలక మీద అదొక చుక్క,
పక్కన ఒక చుక్క గులాబిరంగు మందు.
పుల్లతోని కలిపి నాలుగు నిమిషాలు ఊపాలె,
నిండు ముంత నెత్తిన పెట్టుకొని నడిచినట్టు.

మొదటి నిమిషం ఏం లేదు.
బయట టోకెన్ల కాడ ఎవరో కొట్లాడుతున్రు.
రెండో నిమిషం అంచున ఏదో కదిలింది,
నా కండ్లనే నమ్మలే.
మూడో నిమిషానికి
చుక్క విరిగింది.
సన్నగ, గులాబిరంగు నూక.

చూపియ్యొద్దు గని చూపిచ్చిన.
తొంగిచూసి "పాలు విరిగినయ్" అన్నది.
రోగం పేరు రెండుసార్లు చెప్పిన, నోరు తిరగలే ఆమెకు.
ఆమె పెట్టిన పేరేమో
రిజిస్టర్ల రాయనీకి గడి లేదు.

తర్వాత గొట్టాలు పేర్చిన.
సగం, సగంల సగం, మళ్ళ సగం.
మూడువందల ఇరవై రెట్లు పలచన చేసినా
ఆ నీళ్ళు గొర్రెను మరువలే.

ఆరు వారాలు మాత్రలు.
ఒకటి మింగితె ఉచ్చ ఎర్రగొస్తది, భయపడకన్న.
ఆమె భయం వేరే.
"మందకు చేసినా ఇట్లనే విరుగుతదా?
విరిగినయాన్ని ఏం జేస్తరు?"
పశువుల డాక్టరు నంబరు రాసిచ్చిన.
జవాబు రాసియ్యలే.

నాలుగో వారానికే ఈతలు మొదలైతయట.
గ్లౌజుల డబ్బా ఇచ్చిన.
వాచిన కణుపుల కాడ మొదటిది చినిగింది.
రెండోది తొడుక్కొని, వేళ్ళాడిచ్చి చూసుకొని
"దానికెట్ల తెలుస్తది మరి,
పట్టుకున్నది నేనేనని?"

ఏడో వారం స్టీలు టిపినీ తెచ్చింది.
మేకపాలు, గోరువెచ్చగ, మూత తీస్తె నురుగు.
నేను పాలను చూసిన, ఆమెను చూసిన.
"కాగబెట్టినవా?" అడగలేక అడిగిన.
"మూడు పొంగులు." వేళ్ళు చూపింది, తిడుతున్నట్టు.

పశువుల దవాఖానకు పోయినవా అని మాత్రం
అడగలే.
బయట టోకెన్ల లైను పెద్దగున్నది.