ఏడెనిమిదుల

రేపట్నుంచి దీపావళి సెలవులు.
పడవలో నా పక్కన గోనెసంచి,
సంచిలో వరిగడ్డి, గడ్డిలో యాభై ఆరు ప్రమిదలు.
కుమ్మరి గంగరాజు డబ్బులు లెక్కపెట్టుకుంటూ
“మట్టితో ఎక్కాలేంటండి మేష్టారూ” అని నవ్వాడు.
వశిష్ఠకి ఇంకా వరద ఎరుపు వదల్లేదు.

సూరాయిలంక బడికి ఒకటే గది.
గోడ మీద బురద గీత,
శ్రావణంలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చెబుతూ,
నా భుజం ఎత్తున.
ఆ గీత కిందే నేల తుడిచి
ప్రమిదల్ని పేర్చాం: ఏడు వరసలు, వరసకి ఎనిమిది.
నూనె లేదు, అగ్గిపెట్టె అసలే లేదు.
బంతిరేకే మంట.
మూడో వరసలో ఆరో ప్రమిద వెలగాలంటే
మూడార్లెంతో చెప్పాలి.
తప్పితే వెనకనున్నవాళ్ళు “తుస్స్!” అంటారు,
చెమ్మగిల్లిన సీమటపాకాయలా.
ఆ తుస్స్ నేను పెట్టిన నియమం కాదు,
వాళ్ళే పెట్టుకున్నారు.

ఏసుబాబు “పద్దెనిమిది” అని రేకు వేసి
వేళ్ళు ఊదుకున్నాడు, నిజంగా కాలినట్టు.
సత్తిపండుకి నాలుగో ఎక్కం రాదు.
వాళ్ళ నాన్న కొబ్బరికాయలు పుంజీల్లో లెక్కేస్తాడు.
వాడు కళ్ళు మూసుకుని
గాల్లో కాయలు ఒక్కో గుప్పు విసిరాడు,
పుంజీ, రెండు పుంజీలు, మూడు,
ఏడో పుంజీ దగ్గర చెయ్యి ఆపి
“ఇరవయ్యెనిమిదండి!”
తుస్స్ అందామని తెరిచిన నోళ్ళు
తెరిచినట్టే ఉండిపోయాయి.

మధ్యాహ్నానికి నేలంతా పసుపు.
ఒక్కటే మిగిలింది, కిటికీ వైపు చివరి మూల.
దాని ముందుకి వీరవేణి వచ్చింది.
అందరికన్నా ముందు లెక్క తేల్చే పిల్ల.
“ఏడెనిమిదుల?”
“నలభై ఎనిమిదండి.”
తుస్స్!
“నిదానంగా చెప్పమ్మా. ఏడెనిమిదుల?”
“నలభై ఎనిమిదేనండి.”
ఈసారి ఎవరూ తుస్స్ అనలేదు.
ఆ పిల్ల రేకుని అరచేతిలోనే ఉంచుకుని
వెళ్ళి కూర్చుంది.

అన్నం కంచాలు కడిగేచోట ఏసుబాబు చెప్పాడు:
“ఆళ్ళ చేలో కొబ్బరిచెట్లు ఏడు వరసలండి,
వరసకి ఎనిమిది.
ఏటివైపు వరస దిగిపోయిందండి, ఒక్క రాత్రే.
ఆ చప్పుడు మా ఇంటికీ ఇనపడిందండి.”

పన్నెండేళ్ళుగా ఎక్కాలు చెబుతున్నాను.
ఏరు ఏం తిన్నా ఎక్కం తరగదని
గదిలోకొచ్చి చెబుదామనుకున్నాను.
గోడ మీద గీత
నా భుజాన్ని రాసుకుంటూ నిలబడి ఉంది.
నల్లబల్ల తుడిచాను, అంతే.

సాయంత్రం పంపకాలు.
ఇరవై ఎనిమిది మంది, తలా రెండు, శేషం సున్నా.
రాత్రి లాంతరు ముందు కూర్చుని వేసుకున్న లెక్క.
“నాకు ఎనిమిది కావాలండి” అంది వీరవేణి.
గది గోలెత్తిపోయింది.
అదెలా కుదురుద్దండీ, మరి మాకో, ఆయ్!
నా దగ్గర జవాబు లేదు.
సత్తిపండు తన రెండూ ఇచ్చాడు,
ఊరికే కాదు, ఆమె రబ్బరు తీసుకుని.
మస్తానమ్మ ఏమీ అడక్కుండా ఇచ్చింది.
ఏసుబాబు రెండూ ఇచ్చి, ఒకటి వెనక్కి లాక్కుని,
కాసేపు దాని అంచు గోటితో గీకి
మళ్ళీ ఇచ్చేశాడు.
పరికిణీ ఒడిలో ఎనిమిదీ గలగలమంటుంటే
ఆ పిల్ల పరిగెత్తలేదు. నడిచింది.

తిరుగు పడవలో ఖాళీ సంచి మడిచి కూర్చున్నాను.
లంక తెగినచోట
కొబ్బరివేళ్ళు గాలిలో చిక్కుపడ్డ జుట్టులా వేలాడుతున్నాయి.
వాటి పైనుంచి వరసలు లెక్కపెట్టాను.
“ఏంటండి మేష్టారూ, పెదాలు కదుపుతున్నారు?”
అన్నాడు పడవ పోలయ్య గెడ వేస్తూ.
“ఆరెనిమిదుల,” అన్నాను.
మిగతాది ఆయనకి తెలుసు.