వెనక నుంచి చూసినవాణ్ణి

పదకొండేళ్ళు నేను చూసింది ఎలాదియో వీపునే.
గోలు కర్రల మధ్య నిలబడ్డవాడికి
డిఫెండరంటే ఒక వీపు:
చెమటకి అంటుకుపోయిన నాలుగో నంబరు,
మెడ మీద చిన్నప్పటి కుట్ల మచ్చ,
ఎడమ భుజం కాస్త దిగితే
ఆ పక్కకి జరగబోతున్నాడని
నాకొక్కడికే తెలిసే కబురు.

మియెరెస్ లోయలో వాన కురవదు, ఊరుతుంది.
గనులు మూసేశాక కూడా
మా మైదానం బురద నల్లగానే లేచేది.
సాక్సులు ఉతికే బెనిల్దే
"ఈ మురికి ఇంకా రిటైరవలేదు" అని గొణిగేది.

అతని ఆట గురించి చెప్పడానికేముంది?
పదమూడు సీజన్లలో రెండు గోల్సు,
రెండూ తలతోనే,
రెండూ ఓడిపోయిన మ్యాచుల్లో.
ఒకసారి పెద్ద క్లబ్బు నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు,
డైరీ తెరిచి కూర్చున్నాడు,
వాన తగ్గకముందే వెళ్ళిపోయాడు.
డిఫెండరు బాగా ఆడిన రోజంటే
ఏమీ జరగని రోజు.
జరగనిదాన్ని ఎవరు రాసుకుంటారు?

జరిగింది మాత్రం ఒక్కటే.
మే నెల, ఆఖరి ఆదివారం, పొన్‌ఫెర్రాదా.
డ్రా చేసుకుంటే చాలు, కింది లీగుకి జారం.
ఎనభై ఎనిమిదో నిమిషం. పొడుగ్గా వేసిన బంతి.
దాని వెంట వెనక్కి, నా వైపే
పరిగెత్తుకొస్తున్నాడు ఎలాదియో.
ఆటలో అతని ముఖం అంత దగ్గరగా
నేనెప్పుడూ చూళ్ళేదు.
కనుబొమల్లో బురద. తెరిచిన నోరు.
ఒక్క మాటకోసం చూస్తున్నాడు.

"నాది" అనాలి నేను. అంతే.
గొంతు పెగల్లేదు.

నేనున్నానో లేనో తెలీక అతను కాలు చాచాడు.
బంతి నా పక్కనుంచే
తొందరేం లేనట్టు దొర్లుకుంటూ పోయింది.

మర్నాడు పేపర్లో అతని పేరు బొటనవేలంత అక్షరాల్లో.
నా పేరు జట్టు జాబితాలో, మొదటిది, చీమంత.
తిరుగు బస్సులో నారింజ ఒలిచి
సగం నా చేతిలో పెట్టాడు.
ఏమీ అనలేదు.
అని ఉంటే బావుండేది.

ఇప్పుడు నేను బస్సు నడుపుతున్నాను.
ఆఖరి స్టాపు మైదానం గోడ పక్కనే,
అక్కడ తొమ్మిది నిమిషాలు ఆగాలి.
లోపల ఎలాదియో,
రెండుసార్లు కోసి కుట్టిన మోకాలితో
పదేళ్ళ పిల్లల మధ్య కుంటుతూ.
పిల్లలందరికీ గోల్సే కావాలి.
ఒకడు కొట్టకముందే చొక్కా నెత్తిమీదికి లాక్కుని విమానమైపోతాడు.
ఎలాదియో నవ్వడు, తిట్టడు.
"వెనకెవరున్నారో చూసుకున్నావా?" అంటాడు.
రోజూ అదే పాఠం.

ఇవాళ గోల్‌లో ఒలాయా.
చేతులకన్నా గ్లవుజులే పెద్దవి.
మూడు బంతులు ఆమె ముందే పడ్డాయి,
మూడుసార్లూ నోరు మెదపలేదు.
అతను వంగని మోకాలిని
ఎలాగో బురదలో ఆనించాడు.
"బంతి పట్టకపోయినా పర్లేదు. ముందు అరువు."
"నాది," అందా పిల్ల, తన గ్లవుజులతో చెప్పినట్టు.
"నాక్కాదు. అదిగో, ఆ బస్సుకి వినపడాలి."

"నాది!"

గోడ దాటొచ్చింది.
వెనక సీట్లో ఉల్లికాడల సంచీ ముసలావిడ
ఉలిక్కిపడి లేచింది.
అతను ఇటు తిరిగి చూశాడు.
వైపరు ఒకసారి అటు, ఒకసారి ఇటు.
నేను చెయ్యెత్తానో లేదో నాకే గుర్తులేదు.

రెండు నిమిషాలు ఆలస్యం. ముసలావిడ గొడుగుతో నేల పొడిచింది.
తలుపులు మూసి, బ్రేకు వదిలాను.
తడి అద్దంలో మళ్ళీ అతని వీపు,
ఎడమ భుజం కాస్త దిగింది.
ఆ పక్కకి జరుగుతాడు.