నీ రోజు చెప్పు మే

కుక్కను తెచ్చుకుంటానంటే
చెంగయ్య మామ కుక్క మాటే ఎత్తలా.
"ముందు నీ రోజు చెప్పు మే" అన్నాడు.
బీడీ ఆరిపోయిందాకా విన్నాడు.

చెప్పినా.
నాలుక్కి లేస్తా. కోడి నా తర్వాతే.
కోత మిషను వొదిలేసి పోయిన ఊటుకూరు మోళ్లలో
పలుగు, పొగకుండ, పాత చీర చింపి కుట్టిన సంచి.
తోకకింతని రైతిస్తాడు.
కలుగు తవ్వితే అడుగున ఎలకలు దాచుకున్న వడ్లు మాత్రం నావి.
ఎండెక్కితే రొయ్యల గుంటకాడ వలలు కడగను పోవాల,
పొద్దు వాలకముందే పాపను అంగన్‌వాడీ నించి తెచ్చుకోవాల.
కాలనీలో ఒక గది, ఒక పంచ.
పంచలో కోళ్లు నావి కావు, పక్కింటి బుజ్జమ్మవి.
ఆమె నోరు కూడా మా పంచలోనే ఉంటాది.

"అదీ" అన్నాడు మామ. "ఇంక కుక్కను ఎతుక్కో."

మా నాయన కుక్క నాయన మాటే ఇనేది.
నేను సంచి పట్టుకుని ఎనకాల నడిచేదాన్ని,
నాకూ కుక్కకీ మధ్య నాయన వీపుండేది.
ఇప్పుడు ఆ వీపు లేదు. పలుగుంది.

ఉదయగిరి కొండకింద మా చిన్నాయన కొడుకు
పొడుగుకాళ్ల దాన్ని చూపిచ్చినాడు.
సన్న నడుం, గాలిని కోసుకుంటా పోతాది,
కుందేలు నాలుగు గంతులేసే లోపల మెడ అందుకుంటాదంట.
నిజమే, నా కళ్లు కూడా దానెంట పరిగెత్తినాయి.
కానీ దానికి కొండంత చోటు కావాల.
నా కాడుండేది గెనిమ. రెండడుగుల గెనిమ,
అటు బురద, ఇటు రెడ్డి నారుమడి.
కట్టేస్తే అది ఏడస్తాది, ఇడిస్తే బుజ్జమ్మ ఏడస్తాది.

సెల్లులో ఇంకోటి చూపిచ్చినాడు, నెల్లూరు టౌనుది.
ఎనిమిది వేలు, ఒళ్లంతా బొచ్చు, బిస్కట్లు, నీడపట్టున ఉండాలంట.
ఎలక ఎదురొస్తే అదే పక్కకి తప్పుకుంటాదేమో.

సంగం అవతల మస్తానయ్య గొర్రెల దొడ్లో
నాలుగు పిల్లలు.
ఒకటి నా కాళ్లకు చుట్టుకుని చెప్పు నమిలింది,
సగం మనసు దానికే ఇచ్చేసినా.
ఇంకోటి నన్ను చూసి, గొర్రెను చూసి,
గాలికెగిరే కవరును చూసి మొరిగింది.
మొరిగేది కాపలాకి. ఎలకకి మనకంటే ముందు చెవులుండాయి.
మూడోది తిండి కాడే నిద్రపోయింది, దాని పుణ్యం.

నాలుగోది కనపళ్లా.
గడ్డివామి ఎనక, నేల నెర్రె ఇచ్చిన కాడ,
తల పక్కకి వాల్చి కూర్చోనుంది.
ఒక చెవి మడత, ఒక చెవి నేలలోకి.
కాలితో నేల తట్టి చూసినా.
తిరిగి చూసింది,
గమ్మునుండు అన్నట్టు.

"అది ఆడది మే" అన్నాడు మస్తానయ్య.
"ఏడాదికి రెండు ఈతలు. ఎవురూ తీసుకోరు.
రేపు ఆరు పిల్లలు పెడితే ఏం జేస్తావు?"
ఎవురో ఒకరు అడగను రారా?
వాళ్ల రోజు చెప్పమంటా.

డబ్బులు కాదు, రెండు కుంచాల వడ్లు కొలిచినా,
కలుగుల్లో తవ్వినవే.
ఎలకలు కూడబెట్టిన వడ్లతో ఎలకల మీదికి కుక్కను కొన్నా.
తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా.

మొదటి రోజు ఏమీ పట్టలా.
పొగకు మూడు తుమ్ములు తుమ్మింది,
ఎలక పక్క బొక్కలోంచి దాని కాళ్ల మధ్యనే పోయింది.
నాయన గొంతు నా నోటిదాకా వచ్చి ఆగింది.
నేనూ దాని పక్కన బోర్లా పడుకుని
చెవి నేలకు ఆనిచ్చినా.
నాకేమీ ఇనపళ్లా. దానికి ఇనపడతానే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు వడ్ల సంచిలో కూర్చోబెడితే
తల బయటపెట్టి నిద్రపోయింది.
బుజ్జమ్మ కోడి ఒకటి వచ్చి దాని తోక పొడిచింది.
కళ్లు తెరిచి, మళ్లా మూసుకుంది.

పేరు ఇంకా పెట్టలా.
మొదటి ఎలక పడినాకే పేరని మామ మాట.
అందాకా "మే" అంటున్నా.
నన్నూ అందరూ అనేది అదే గదా.
ఎవురు పిలిచినా
ఇద్దరం తిరిగి చూస్తాం.