ముందు చచ్చేది ముక్కే

సపార్‌గలి చెప్పేవాడు:
కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతున్నంతసేపూ
నువ్వు బతికే ఉన్నట్టు.
కంపు ఆగిందా, పరుగెత్తు.
ఆ గాలి ముందు చంపేది ముక్కుని,
తర్వాతే మనిషిని.

కాస్పియన్ ఒడ్డు. ఫిబ్రవరి. రాత్రి రెండున్నర.
మూడో వరుస గొట్టాల దగ్గర గంట మోగింది.
గాలి వచ్చే వైపున్న షెడ్డులోకి చేరి
తలలు లెక్కపెట్టుకున్నాం: పందొమ్మిది.
ఇరవయ్యోదాన్ని బయటికి పంపాం.

నాలుగు రబ్బరు చక్రాలు, మోకాలెత్తు,
మూతిలో ఒక చిన్న పంపు,
జలుబు చేసిన పిల్లాడిలా
ఎప్పుడూ ఎగబీలుస్తూ ఉంటుంది.
కాగితాల మీద దాని పేరొక నంబరు.
మేం బొతా అంటాం,
మా కజాఖ్‌లో ఒంటెపిల్ల.

తెరమీద అంకెలు నావి.
నాలుగు. పదకొండు. ఇరవైమూడు.
గాలివాటం ఎరగని జీవి
గాలికి ఎదురెళుతోంది.
ఉన్నట్టుండి సున్నా.

"హమ్మయ్య, ఏమీ లేదు" అన్నాడు
కొత్త కుర్రాడు ఎర్కెబులాన్.
సపార్‌గలి అతని వైపు చూడలేదు.
"తొంభై ఎనిమిదిలో నాకూ ఇలాగే ఏమీ లేదు.
ఏమీ లేదనుకునే నిచ్చెనెక్కాను."

బొతా ఆగింది.
మంచులో, కదలకుండా, చాలాసేపు.
తర్వాత ఎడమకి నాలుగడుగులు.
కుడికి ఎనిమిది.
జారిపోయిన చెవికమ్మ కోసం
చీకట్లో నేల తడిమే చెయ్యిలా
ఇటూ అటూ, ఇటూ అటూ.
నాకు సిగ్గేసింది,
ముక్కున్నదాన్ని అద్దం వెనక కూర్చుని
ముక్కులేనిదాన్ని ముందుకి తోశానని.

గాలి మళ్లీ తిరిగింది.
రెండు. ముప్ఫై. నూటనలభై.
ఫ్లాంజి కింద, ఏడో బోల్టు పక్కన
పెసరగింజంత చీలిక.
ఇంతమందిని నిలబెట్టింది అదా!

తెల్లారేసరికి వాల్వు మూశారు,
కొలిచారు, మళ్లీ కొలిచారు, సరే అన్నారు.
బొతాని కడిగి పంపితే
మూతి నిండా మంచుపెళ్లలతో వచ్చింది.
సపార్‌గలి స్వెట్టరు చేత్తో తుడిచాడు,
ఆ చెయ్యే ముఖానికి ఆనించుకుని
గట్టిగా పీల్చాడు.
ఆ రోజు నుంచీ
రొట్టె వాసన కూడా ఎరగని ముక్కు.

"కుల్యాష్, నువ్వు చూడు. ఏం వాసన?"

వంగాను.
"ఏమీ లేదు" అనబోయి
నాలుక కరుచుకున్నాను.
రబ్బరు, అన్నాను.
మంచు.
నీ స్వెట్టర్లో తడిసిన గొర్రె ఉన్ని.
ఇంకా, అన్నాడు.
ఉండు, అన్నాను,
మళ్లీ చూస్తాను.